ఖాళీ గడి లేని మండలి

ఇరవై నాలుగో ఇంటర్వ్యూలో తాడంకి ఝాన్సీకి ఉద్యోగం వచ్చింది. ఆమె చదువు చూసి ఇవ్వలేదు. వాళ్ళమ్మ చేతిరాత చూసి ఇచ్చారు.

అంతకు ముందు ఇరవై మూడు చోట్లా ఒకే సంభాషణ నడిచింది.

"డేటాబేస్ డెవలపర్‌గా ఎన్నేళ్ళ అనుభవం?"

"ఇదే మొదటి ఉద్యోగం సార్."

"మొదటి ఉద్యోగానికి మేం రెండేళ్ళ అనుభవం అడుగుతామమ్మా."

ఆ మాట వినీ వినీ రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళనూ ఎవరూ అనుభవం కింద జమకట్టలేదు. వీధిలో వాళ్ళు మాత్రం కనబడ్డప్పుడల్లా "ఏమ్మా, ఇంకా చూస్తానే ఉన్నావా?" అని పలకరించేవాళ్ళు. ఝాన్సీ సందు చివరి కిరాణా కొట్టు దాటాల్సి వస్తే తలొంచుకుని దాటడం నేర్చుకుంది.

అలాంటప్పుడు బెజవాడ బందరు రోడ్డులో ఉన్న జిల్లా జనవివరాల మండలి ప్రకటన వేసింది. జిల్లాలో ఉన్న పద్నాలుగు లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటి నంబర్లు, రక్తపు గ్రూపులు అన్నీ ఒకచోట భద్రపరిచే ఆఫీసు అది. మండలి ఇచ్చే కార్డు గీకితేనే ఆస్పత్రిలో మందు, రేషన్ కొట్లో బియ్యం. ఒక డేటాబేస్ డెవలపర్ కావాలన్నారు. కాంట్రాక్టు ఉద్యోగం. ఆర్నెల్లు పనితీరు చూస్తారు. నచ్చితే ఉంచుతారు.

దరఖాస్తు నాలుగు పేజీలు, డెబ్భై ఆరు గడులు. నూట పన్నెండు మంది పంపారు. అందులో నూట పదకొండు దరఖాస్తుల్లో ఎక్కడో ఒకచోట ఒక గడి ఖాళీగా ఉంది.

ఝాన్సీ దరఖాస్తులో లేదు. దాన్ని నింపింది వాళ్ళమ్మ దమయంతి. పంతొమ్మిదేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. పదకొండు రిజిస్టర్లు రాస్తుంది. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు గడి ఖాళీగా కనబడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే కూతురి దరఖాస్తులో 'భర్త పేరు' అన్నచోట 'చూస్తున్నాం' అని రాసింది. 'పాస్‌పోర్టు నంబరు' దగ్గర 'అవసరం పడలేదు'. 'విదేశీ భాషలు' దగ్గర 'హిందీ'. 'మీపై క్రిమినల్ కేసులు' అన్నచోట 'ఒక్కటీ లేదు, కావాలంటే మా వీధిలో అడగండి'.

ఇంటర్వ్యూ గదిలో డైరెక్టర్ విద్యాధరరావు ఆ దరఖాస్తును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన వారం కిందటే ఏదో కొండ మీద ఐదు రోజుల శిక్షణ ముగించుకుని దిగాడు. దిగేటప్పుడు ఒక సిద్ధాంతం వెంట తెచ్చుకున్నాడు. రికార్డులో ఖాళీ గడి అంటే అవినీతి దూరే కిటికీ. అన్ని కిటికీలూ మూసేస్తే దేశం బాగుపడుతుంది.

"ఒకే ప్రశ్న," అన్నాడాయన. "ఖాళీ గడి మీద మీ అభిప్రాయం ఏమిటి?"

ఝాన్సీ పుస్తకంలో చదువుకున్నదే చెప్పింది. "ఖాళీ కూడా సమాచారమే సార్. 'ఇంకా తెలియదు' అని అది చెబుతుంది."

బోర్డులో ఉన్న ముగ్గురూ కుర్చీల్లో కదిలారు.

"'తెలియదు' అనేది మండలి ఇవ్వదగిన సమాధానం కాదు," అన్నాడు డైరెక్టర్. ఝాన్సీ సంచి సర్దుకోబోయింది. ఆయన దరఖాస్తు పైకెత్తి అందరికీ చూపించాడు. "అయినా మాటకేముంది? ఆచరణలో ఈ అమ్మాయి మన మనిషి."

ఆ సాయంత్రం దమయంతి వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచింది. కిరాణా కొట్టుకు రెండు ముక్కలు పంపింది.

*

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు ఝాన్సీ సూపరింటెండెంట్ కోటిలింగం బల్ల ముందు నిలబడింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఏ ఉత్తర్వు వచ్చినా మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వని మనిషి. ఆయన చేరిక పత్రం ముందుకు తోశాడు.

అందులో ఆఖరి గడి: 'విధుల నుంచి వైదొలగిన తేదీ'.

"సార్, ఇది..."

"నింపమ్మా."

"ఇప్పుడే కదా సార్ చేరుతున్నాను!"

"ఖాళీ ఉంటే కంప్యూటర్ తీసుకోదు. కొత్త రూలు. శుక్రవారం నుంచి అమల్లో ఉంది."

ఝాన్సీ ఆలోచించి ముప్ఫై ఏళ్ళ తర్వాతి తేదీ ఒకటి చెప్పింది. ఆయన కొట్టాడు. కంప్యూటర్ ఎర్రటి అక్షరాలు చూపించింది.

"రేపటి తేదీ పడదు," అన్నాడు కోటిలింగం. "నాలుగేళ్ళ కిందట మా దగ్గర ఒకాయన ఎవరిదో పుట్టిన సంవత్సరం 2091 అని కొట్టాడు. ఆడిట్ వాళ్ళు ఆ ఒక్క అంకె మీద పదహారు పేజీలు రాశారు. అప్పట్నుంచి మా మిషన్లలో ఏ తేదీ గడిలోనూ రాబోయే తేదీ ఎక్కదు. అది పాత రూలు."

"అంటే ఖాళీ ఉండకూడదు, రేపటిది ఉండకూడదు."

"చురుకైనదానివే."

"మరి నేనేం వెయ్యాలి?"

"ఇవాళ్టిది వెయ్యి."

అలా ఝాన్సీ తన మొదటి ఉద్యోగంలో చేరిన రోజే వైదొలగింది. మర్నాడు ఆఫీసు తలుపు దగ్గర కార్డు గీకితే తెర మీద వచ్చింది: 'మీరు నిన్నటితో విధుల నుంచి వైదొలగారు. మీ సేవలకు ధన్యవాదాలు.'

ఆమె మళ్ళీ గీకింది. మళ్ళీ అదే మాట. కోటిలింగం లోపల్నుంచి తాపీగా వచ్చాడు.

"కంగారుపడకు. రోజూ తొమ్మిదింటికి నేను నీ తేదీ ఒకరోజు జరుపుతా. ఇవాళ్టికి ఉంటావు. రేపు పొద్దున్నే మళ్ళీ రా. కాంట్రాక్టు వాళ్ళందరికీ అంతే. మా పర్మినెంటు వాళ్ళ సర్వీసు పుస్తకాలు ఇంకా కాగితం మీద ఉన్నాయి కాబట్టి మేం సుఖంగా ఉన్నాం."

"కాంట్రాక్టు వాళ్ళు ఎంతమంది సార్?"

"నువ్వే."

*

మూడో వారం డైరెక్టర్ సమావేశం పెట్టాడు. గోడకి బ్యానరు: 'ఖాళీ రహిత జిల్లా: మన సంకల్పం'.

"మిత్రులారా! నూటికి తొంభై తొమ్మిది గడులు నింపేశాం. మిగిలింది ఒకే ఒక్క వరుస. పద్నాలుగు లక్షల మందిలో పదమూడు లక్షల డెబ్భై వేల మందికి ఒక గడి ఖాళీగా ఉంది. ఇది క్షేత్రస్థాయి అలసత్వానికి పరాకాష్ఠ!"

"ఏ గడి సార్?" అంది ఝాన్సీ.

"మరణ తేదీ."

ఝాన్సీ లేచి నిలబడింది. "సార్, వాళ్ళు బతికున్నారు."

"అది వారి వ్యక్తిగత విషయం. నేను మాట్లాడుతున్నది గడి గురించి."

"బతికున్నవాళ్ళకి ఆ గడి ఖాళీగానే ఉండాలి సార్. రేపటి తేదీ ఎటూ పడదు. ఈ రెండు రూళ్ళూ కలిపితే మన డేటాబేస్‌లో బతికున్న మనిషికి చోటే లేదు."

డైరెక్టర్ ఆమె వైపు జాలిగా చూశాడు. "సమస్యను సాంకేతిక విభాగం గుర్తించినందుకు అభినందనలు. పరిష్కారం కూడా సాంకేతిక విభాగమే కనుగొనవలసిందిగా ఆదేశించడమైనది. ఈ సాయంత్రం ఐదు గంటలకు నేను నూటికి నూరు శాతం ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెడుతున్నాను."

"నేను చెయ్యలేను సార్."

"చెయ్యలేకపోతే చెప్పండి. మీ వైదొలగిన తేదీ ఎలాగూ వేసే ఉంది."

ఝాన్సీ కూర్చుంది. కళ్ళ ముందు కిరాణా కొట్టు కనబడింది. మైసూర్‌పాక్ కనబడింది. ఇరవై ఐదో ఇంటర్వ్యూలో 'మూడు వారాలకే ఎందుకు మానేశారు?' అని అడగబోయే పెద్దమనిషి కనబడ్డాడు.

సాయంత్రం నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు ఆమె ఒక్క వాక్యం టైపు చేసి, మీట నొక్కింది. జిల్లాలో బతికున్న పదమూడు లక్షల డెబ్భై వేల మందికి ఆ రోజు తేదీ పడింది. నొక్కిన ఝాన్సీతో సహా.

ఐదింటికి డైరెక్టర్ సంతకం పెట్టాడు. అందరికీ సమోసాలు పంచారు.

*

మర్నాడు పది గంటలకల్లా మండలి మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు. ఆస్పత్రుల్లో కార్డులు పనిచెయ్యలేదు. రేషన్ కొట్లలో పనిచెయ్యలేదు. గీకిన ప్రతివాడికీ ఒకటే మాట: 'కార్డుదారు మరణించారు. మండలి సంతాపం.'

అందరికంటే ముందు లోపలికి వచ్చింది బుల్లెమ్మ. కంకిపాడు నుంచి బస్సెక్కి వచ్చిన డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలమ్మ. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్ కోసం కార్డు ఇస్తే పెద్దాస్పత్రి వాళ్ళు వెనక్కిచ్చేశారు. తడుముకుంటూ వచ్చి ఝాన్సీ బల్ల అంచు పట్టుకుంది.

"ఏమ్మాయ్, నేను పోయానంటగా?"

ఝాన్సీ గబుక్కున లేచి నిలబడింది.

"పోతే పోయాను గానీ, ఏ తిథినాడు పోయానో కాస్త రాసియ్యి తల్లీ. మావాడు సంవత్సరీకం కూడా మర్చిపోయే రకం."

"మామ్మా, మీరు పోలేదు. అది... గడి నింపాం."

"గడి నింపడానికి మనిషిని తీసేస్తారా? మా కోడలు నయం. తిడద్ది గానీ అన్నం పెడద్ది."

కోటిలింగం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మండలి నిబంధనల పుస్తకం తెరిచాడు. నూట నలభై పేజీలు తిప్పాక వేలు ఆగింది.

"ఇదుగో. 'మరణించిన దినము ముగియువరకు కార్డుదారుని జీవించియున్నట్లుగానే పరిగణింపవలెను.'" కళ్ళద్దాల పైనుంచి ఝాన్సీని చూశాడు. "రోజూ నీకు చేస్తున్నదే కదమ్మా."

ఝాన్సీ బుల్లెమ్మ రికార్డు తెరిచి, మరణ తేదీ ఒకరోజు ముందుకు జరిపింది. బుల్లెమ్మ బతికింది.

"ఇవాళ రాత్రి పన్నెండింటి దాకా ఉంటారు మామ్మా."

"అయితే భోజనం చేసే పోతానన్నమాట."

డైరెక్టర్‌కి ఈ ఏర్పాటు ఎంతగానో నచ్చింది. మధ్యాహ్నానికల్లా కింది అంతస్తులో బోర్డు వెలిసింది: 'ఆయుష్షు పొడిగింపు కౌంటర్. ఒక మనిషికి ఒక రోజు మాత్రమే. పొడిగింపు హక్కు కాదు.' ప్రజలు పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడి ఆ రోజుకి బతికి వెళ్ళాలి. ఆడవాళ్ళకి వేరే వరుస. రెండు రోజులకి కావాలని బతిమాలిన ఒక పెళ్ళికొడుకుని, రాబోయే తేదీ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని లిఖితపూర్వకంగా తిప్పి పంపారు.

నాలుగో రోజుకి వరుస బందరు రోడ్డు దాటి మలుపు తిరిగింది. ఝాన్సీ చూడలేక ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. ఒక్క మీట నొక్కితే జిల్లా మొత్తం ఒక రోజు ముందుకు జరుగుతుంది. వేళకి దానంతటదే నడిచేలా కూడా పెట్టింది.

డైరెక్టర్ ఒప్పుకోలేదు. "పౌరుల ఆయుష్షు యంత్రం నిర్ణయించడమా? రేపు శాసనసభలో ప్రశ్న వస్తే? ప్రతిరోజూ ఒక బాధ్యతగల ఉద్యోగి స్వహస్తంతో మీట నొక్కాలి. నొక్కినట్టు సంతకం చెయ్యాలి."

అప్పట్నుంచి ఝాన్సీ దినచర్య ఒకటే. ఏడింటికి కోటిలింగం ఆమె తేదీ జరుపుతాడు. ఆయన పెందలాడే మెట్లెక్కలేకపోతున్నాడని ఆ పని ఇంట్లోంచే చేసుకునేలా ఆయన ఫోన్లో పెట్టిచ్చింది ఆమె. ఆ పైన ఝాన్సీ ఆఫీసు ల్యాప్‌టాప్ తెరిచి మీట నొక్కుతుంది. పదమూడు లక్షల డెబ్భై వేల మంది ఆ రోజుకి బతుకుతారు. ఆదివారం లేదు, పండగ లేదు. ఒకసారి నూట రెండు జ్వరంలో దుప్పటి కప్పుకుని నొక్కింది. దమయంతి పక్కనే కషాయం గ్లాసుతో నిలబడి, "నొక్కావా? నొక్కావా? నేను ఇవాళ గుడ్లు పంచాలి, పిల్లల కార్డులు చూడాలి," అని తొందరపెట్టింది.

మండలికి నూటికి నూరు శాతం నిలిచింది. పక్క జిల్లాల నుంచి అధికారులు బస్సుల్లో వచ్చి చూసి వెళ్ళారు. ఎవరికీ ఏ లోటూ రాలేదు. రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఏడు దాకా జిల్లాలో ఎవరూ బతికి లేరన్న చిన్న లోపం తప్ప. ఆ వేళలో మండలి ఆఫీసు ఎలాగూ మూసే ఉంటుంది.

*

ఆరో నెల ఆఖరి వారం. ఇంకో మూడు రోజుల్లో ఝాన్సీ ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తేలాలి. ఆమె ఫైలు డైరెక్టర్ బల్ల మీద ఉంది.

అదే వారం మండలికి రాష్ట్రస్థాయి ఉత్తమ ఆఫీసు పురస్కారం ప్రకటించారు. శుక్రవారం పొద్దున కళాక్షేత్రంలో సభ. మంత్రిగారి చేతుల మీదుగా.

శుక్రవారమే బుల్లెమ్మ కంటి ఆపరేషన్. ముందు రోజు ఫోన్ చేసి చెప్పింది. "తొమ్మిదింటికి రమ్మన్నారమ్మాయ్. రేపు మాత్రం నన్ను మర్చిపోబాకు."

"మర్చిపోను మామ్మా."

శుక్రవారం ఆరింటికే డైరెక్టర్ పర్మినెంటు సిబ్బందినంతా కళాక్షేత్రానికి తోలుకుపోయాడు. దండలు ఒకరికి, శాలువాలు ఒకరికి, వేదిక మీద కుర్చీలకి తువ్వాళ్ళు పరిచే పని కోటిలింగానికి. సభలో ఫోన్లు మోగితే మర్యాద దక్కదని అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించి, కారులో పెట్టి తాళం వేయించాడు.

ఏడింటికి ఝాన్సీ ల్యాప్‌టాప్ తెరిచింది.

'మీరు నిన్నటితో విధుల నుంచి వైదొలగారు. మీ సేవలకు ధన్యవాదాలు.'

కోటిలింగానికి ఫోన్ చేసింది. మోగుతోంది. ఎత్తలేదు. ఏడున్నరకి చేసింది. ఎనిమిదికి చేసింది. తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకి ఆమె ఫోనే మోగింది.

"అమ్మాయ్," అంది బుల్లెమ్మ గొంతు. "కంట్లో చుక్కలేసి పడుకోబెట్టారు. ఇప్పుడు మళ్ళీ లెమ్మంటన్నారు. పోయినోళ్ళకి చెయ్యరంట."

"కదలకండి మామ్మా. బల్ల దిగబాకండి. నేను చూస్తాను."

ల్యాప్‌టాప్ సంచిలో కుక్కుకుని ఝాన్సీ ఆటో ఎక్కింది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కులో ఇరవై రెండు నిమిషాలు పోయాయి. పక్క ఆటోలో ఒకాయన రేషన్ కార్డు చేత్తో పట్టుకుని డ్రైవర్‌తో అంటున్నాడు: "ఇవాళ ఊరు ఊరంతా పోయిందంటన్నారు. నువ్వు బానే ఉన్నావా?"

కళాక్షేత్రం గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆహ్వానం?"

"నేను మండలి ఉద్యోగినే." కార్డు చూపించింది. అతను గీకి చూశాడు.

"నిన్న మానేశారని చూపిస్తంది మేడం. పైగా..." తెరను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "సారీ అండి. పోయారని కూడా ఉంది."

ఝాన్సీ ఒక్క క్షణం ఆలోచించింది. ఆర్నెల్లు ఆ ఆఫీసులో ఉన్నందుకు ఆమెకు కొంత జ్ఞానం అబ్బింది. సంచి పైకెత్తి చూపించి, "శాలువాలు," అంది. "మంత్రిగారివి. లోపల తక్కువయ్యాయంట."

గార్డు రెండు తలుపులూ తెరిచి సెల్యూట్ కొట్టాడు.

*

సరిగ్గా అప్పుడే వేదిక మీద వ్యాఖ్యాత పురస్కారం ప్రకటిస్తున్నాడు. గ్రహీతల వివరాలు మండలి డేటాబేస్ నుంచి నేరుగా ఆయన ముందున్న తెర మీదికి వచ్చేలా ఏర్పాటు చేయించింది విద్యాధరరావే. అది ఆయన ముచ్చట.

"ఈ ఏటి ఉత్తమ ఆఫీసు పురస్కారం..." వ్యాఖ్యాత తెర చూసి గొంతు బరువు చేసుకున్నాడు. "కీర్తిశేషులు విద్యాధరరావు గారికి, మరణానంతరం."

మొదటి వరుసలో సిల్కు లాల్చీతో సగం లేచిన విద్యాధరరావు అలాగే ఆగిపోయాడు.

"నేను ఉన్నాను!" అన్నాడు.

ప్రోటోకాల్ అధికారి పరుగున వచ్చి చెవిలో చెప్పాడు. "దయచేసి కూర్చోండి సార్. మరణానంతర పురస్కారం గ్రహీత స్వయంగా తీసుకునే సంప్రదాయం లేదు."

"నేను బతికే ఉన్నానయ్యా! కళ్ళు లేవా?"

"ఉన్నాయి సార్. కానీ రికార్డు నూటికి నూరు శాతం సరైనదని ఐదు నెలల కిందట మీరే సంతకం చేశారు. దాని మీదే ఈ పురస్కారం. రికార్డు తప్పంటే పురస్కారం రద్దవుతుంది. ఆలోచించుకోండి."

విద్యాధరరావు ఆలోచించుకున్నాడు. కూర్చున్నాడు.

ఒక నిమిషం మౌనం పాటించాలన్నారు. సభ అంతా లేచింది. కూర్చుంటే మర్యాద కాదు కాబట్టి విద్యాధరరావు కూడా లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని తనకి నివాళి అర్పించాడు. తర్వాత ఆయన సతీమణి శకుంతల గారిని వేదిక మీదికి పిలిచారు. ఆవిడ పేరు ఇప్పటికీ గుంటూరులో పుట్టింటి వాళ్ళ కార్డులోనే ఉంది. అందువల్ల ఆవిడ బతికే ఉంది. భర్త వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుని వెళ్ళి జ్ఞాపిక తీసుకుంది. మంత్రిగారు "ధైర్యంగా ఉండాలమ్మా," అన్నారు. శాలువా కప్పారు. విద్యాధరరావు కోసం కొన్న శాలువా అది.

ఆ మౌనం జరుగుతుండగానే ఝాన్సీ వేదిక పక్కన తువ్వాళ్ళ కట్టతో నిలబడ్డ కోటిలింగాన్ని పట్టుకుంది.

"సార్, నా తేదీ!"

ఆయన మొహంలో ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒక గీత కదిలింది. కట్ట అక్కడే పడేసి కారు దగ్గరికి పరిగెత్తి, డ్రైవర్ చేత తాళం తీయించాడు. సంచిలో పందొమ్మిది ఫోన్లు. పదకొండోది ఆయనది. నొక్కాడు. ఝాన్సీ ఉద్యోగంలోకి వచ్చింది. కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి ఆమె నొక్కింది.

పది గంటల యాభై మూడు నిమిషాలకు జిల్లా తిరిగి బతికింది. పదకొండింటికి బుల్లెమ్మ కంటికి ఆపరేషన్ మొదలైంది. అప్పటిదాకా బల్ల దిగమంటే దిగలేదట. "నేను పోయినదాన్ని, నన్ను లేపడం మీ తరం కాదు" అని పడుకుందట.

*

విచారణకి రాజధాని నుంచి కమిషనర్ నళిని వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. విద్యాధరరావు లేచి, ముందే టైపు చేయించిన కాగితం చదివాడు.

"సదరు దుర్ఘటనకు సంపూర్ణ బాధ్యత కాంట్రాక్టు ఉద్యోగిని కుమారి ఝాన్సీదే. విధి నిర్వహణలో ఉండి కూడా మీట నొక్కలేదు. ఈమెను తక్షణం తొలగించి, మరే సంస్థా తీసుకోకుండా చర్య తీసుకోవలసిందిగా సిఫారసు."

తొలగింపుతో ఆగదన్నమాట. ఇరవై ఐదో ఇంటర్వ్యూ కూడా ఉండదు.

"రికార్డు చూపించండి," అంది కమిషనర్.

కోటిలింగం లేచాడు. మొహంలో గీతలన్నీ మళ్ళీ సర్దుకున్నాయి. "చిత్తం. రికార్డు ప్రకారం శుక్రవారం పొద్దున ఏడు నుంచి పది యాభై రెండు వరకు ఈ అమ్మాయి మా ఉద్యోగి కాదండి. గురువారంతో వైదొలిగింది. ఉద్యోగంలో లేని మనిషి మీద విధి నిర్వహణ లోపం రాయడానికి నిబంధన లేదు. వెతికాను."

"తర్వాత చేరిందా?"

"పది యాభై రెండుకి చేరింది. పది యాభై మూడుకి నొక్కింది. ఒక నిమిషం ఆలస్యం ఉంది. కావాలంటే దానికి మెమో ఇవ్వొచ్చు."

"మరి ఆ సమయంలో బాధ్యతగల అధికారి ఎవరు?"

"డైరెక్టర్ గారే అనుకోవచ్చు. కానీ రికార్డు ప్రకారం ఆ సమయానికి వారు లేరు. మేమందరం ఒక నిమిషం మౌనం కూడా పాటించాం."

"కోటిలింగం!" అని అరిచాడు విద్యాధరరావు.

"రికార్డు తప్పంటారా సార్? రాసుకుంటాను."

విద్యాధరరావు గోడ మీదున్న ధ్రువీకరణ పత్రం వైపు చూశాడు. దాని కింద తన సంతకం. కూర్చున్నాడు.

కమిషనర్ ఝాన్సీ వైపు తిరిగింది. "దీనికి పరిష్కారం ఏంటమ్మా?"

"ఒక్క గడి ఖాళీగా వదిలితే చాలు మేడం."

"అంతేనా?"

"అంతే మేడం."

కమిషనర్ పెన్ను మూత తీసింది. ఆమె కూడా ప్రభుత్వంలోనే పెద్దదైంది కాబట్టి, రాసిన ఉత్తర్వు ఇలా ఉంది: 'ప్రజా ప్రయోజనం దృష్ట్యా, నిర్దిష్ట గడుల యందు నియంత్రిత శూన్యతను ప్రయోగాత్మకంగా అనుమతించడమైనది.' విద్యాధరరావుని అదే కొండ మీద మరో ఐదు రోజుల శిక్షణకి పంపారు. ఈసారి ఆయన ఏ సిద్ధాంతంతో దిగుతాడో అని మండలి అంతా భయపడుతోంది.

ఝాన్సీని మాత్రం కొనసాగించడానికి వీల్లేకపోయింది. రికార్డు ప్రకారం ఆమె నూట ఎనభై సార్లు వైదొలిగింది. కొనసాగించాలంటే ఒక్కసారి కూడా మానేయని మనిషి అయ్యుండాలి. కాబట్టి కొత్తగా చేరమన్నారు. ఈసారి పర్మినెంటు పోస్టులో.

కోటిలింగం చేరిక పత్రం ముందుకు తోశాడు. ఝాన్సీ ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చింది. ఆఖరిది వచ్చింది: 'విధుల నుంచి వైదొలగిన తేదీ'. పెన్ను కాసేపు ఆ గడి మీద ఆగింది. తర్వాత మూత పెట్టేసి, కాగితం వెనక్కి తోసింది.

"ఇదేంటమ్మా? ఏం రాయలేదు?"

"ఇంకా తెలీదు సార్."

కోటిలింగం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తెల్లటి గడి వంక చూశాడు. ఆఫీసు స్టాంపు ఎత్తి, దాని మీద పడకుండా జాగ్రత్తగా పక్కకి గుద్దాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఝాన్సీ పత్రం నకలు బల్ల మీద పెట్టింది. దమయంతి తడిచేతులు తుడుచుకుని వచ్చి, పైనుంచి కిందిదాకా చదివింది. ఆఖరి గడి దగ్గర ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది ఖాళీగా వదిలేశావేంటే? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? ఉండు, నేను 'చూస్తున్నాం' అని రాస్తా."

ఝాన్సీ ఒక్క గెంతులో వెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెన్ను లాగేసుకుంది.